బోటీ ముట్టొద్దన్న గొంతు

"ఇంకోసారి వినిపించమ్మా," అన్నాడు ముఫ్తీ ఫకృద్దీన్.

రమాదేవి ఫోనును బల్ల మీద పెట్టి మూడోసారి నొక్కింది. శుక్రవారం, ఉదయం ఎనిమిదీ ఇరవై. హిందూపురం మసీదు వెనక గదిలో వాళ్లిద్దరే ఉన్నారు.

ఫోనులోంచి ఒక మగగొంతు, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు, తొందరతొందరగా పలికింది.

"అన్నలారా, అక్కలారా, పెనుకొండ దస్తగిరి దొడ్డిలో పొట్టేళ్లకు పంది నెత్తురు కలిపిన దాణా పెట్టినారు. నా కండ్లతో చూసినా. మీకది హరాం గదా. ఒక మండలం దాకా ఆ దొడ్డి మాంసం ఎవురూ తినాకండి. పిల్లోళ్లకు అసలే పెట్టాకండి. బోటీ, కార్జం అయితే ముట్టనే ముట్టాకండి. మీకు దండం పెడతా."

మొత్తం ఇరవై ఆరు సెకన్లు. చివర్లో ఏదో బండి వెనక్కి పోతున్నప్పుడు మోగే పాట వినిపించి, ఠక్కున ఆగిపోయింది.

సోమవారం సాయంత్రం బయల్దేరిన ఈ మాట మంగళవారం పొద్దుటికి హిందూపురం, పెనుకొండల్లో ప్రతి ముస్లిం ఇంటికీ చేరింది. ఇవాళ్టికి బక్రీదు ఇంక ఐదు రోజులుంది. దస్తగిరి దొడ్డిలో కుర్బానీకి మాట్లాడుకున్న అరవై పొట్టేళ్లలో ఒక్కటీ కదల్లేదు. ఏడేళ్లుగా అతని దగ్గరే కొనేవాళ్లు ఇప్పుడు ఎదురుపడితే సలాం కూడా చెప్పడం లేదు. అందుకే అతను రమాదేవి దగ్గరికి వచ్చాడు.

రమాదేవికి యాభై రెండేళ్లు. పోలీసు శాఖలో వేలిముద్రల విభాగంలో ఇరవై ఏళ్లు చేసి, ఆ ఉద్యోగం వదిలి, హిందూపురంలో ఒక జిరాక్సు షాపు పైన డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. చేపట్టిన కేసు వదలడం తనకు అలవాటు లేదని ఎవరడిగినా, అడక్కపోయినా చెబుతుంది.

"సాబ్, ముందు ఒకటి చెప్పండి. పంది నెత్తురు తిన్న పొట్టేలు హరామేనా?"

ముఫ్తీ అరవై దాటిన మనిషి. మాటను తూచి గాని బయటపెట్టడు.

"అట్ల ఒక్క ముక్కలో తేలేది కాదమ్మా. మురికి తినే జంతువును మా కితాబుల్లో జల్లాలా అంటారు. ఒకసారి మూతి పెట్టినంత మాత్రాన జల్లాలా కాదు. తిండిలో ఎక్కువ భాగం అదే అయ్యి, మాంసం వాసన మారాల. అప్పుడు కూడా దారి ఉండాది. దాన్ని కట్టేసి శుభ్రమైన మేత పెట్టాల. కోడికి మూడు రోజులు, గొర్రెకు నాలుగు, ఆవుకు పది అని మా హనఫీ పెద్దలు రాసినారు. వేరే పెద్దలు వేరే లెక్కలు చెప్పినారు. వాసన పోయేదాకా అన్నోళ్లూ ఉండారు. తెలిసి అట్లాంటి దాణా పెట్టడం తప్పే. ఆ తప్పు పెట్టినోడిది. నోరులేని జంతువుది కాదు."

"అంటే ఈ పొద్దు కట్టేస్తే పండగకు తయారు."

"సరిగ్గా. నిజంగా పంది నెత్తురే అయితే."

"మరి ఈయన మండలం, నలభై ఒక్క రోజులు అంటాండాడే?"

ముఫ్తీ గడ్డం కింద నవ్వు కదిలింది. "ఆ మాట మాది కాదమ్మా. మీలో మాల వేసుకునేవాళ్లది."

"నేనూ అదే అనుకున్యా. ఇంకొకటి. ఇట్లాంటి మాంసం పిల్లలకు అసలే పెట్టొద్దని వేరే హుకుం ఏమన్నా ఉందా?"

"లేదు. హరాం అయితే పెద్దోళ్లకూ హరామే."

"బోటీకి, కార్జానికి?"

"మేత వల్ల వచ్చే దోషం బోటీకొకటి, తొడకొకటి అని ఉండదు." అంటూనే ముఫ్తీ ఆగిపోయాడు. ఆమె ఏం అడుగుతున్నదో అప్పుడు అర్థమైంది. "అమ్మా, ఈ మనిషి..."

"ఈ మనిషి ముస్లిం కాడు. హరాం గురించి మాట్లాడటమూ లేదు. దేనికో భయపడి, ఆ భయానికి మీ మాట అడ్డం పెట్టుకున్యాడు." రమాదేవి ఫోను తీసి సంచిలో వేసుకుంది.

"ఒకటింబావుకు జుమ్మా నమాజు. ఆరు వందల మంది నా నోటివైపు చూస్తారు. తినొచ్చంటే ఒక ప్రమాదం, వద్దంటే దస్తగిరి బతుకు పోతాది. తెలియకుండా ఏదీ చెప్పలేను."

"పన్నెండు లోపల మీకు ఫోన్ చేస్తా, సాబ్. చేస్తానంటే చేస్తా."

*

పెనుకొండ దాటాక రోడ్డు పక్కనే దస్తగిరి దొడ్డి. తొమ్మిదీ నలభైకి రమాదేవి స్కూటరు గేటు ముందు ఆగింది. రేకు గేటు మీద ఎవరో బొగ్గుతో 'హరాం' అని రాశారు.

"ఎందుకు తుడవలేదు?"

"రాసినోడే వచ్చి తుడవాలక్కా," అన్నాడు దస్తగిరి. నలభై ఏళ్ల బలమైన మనిషి. నాలుగు రోజుల్లో చిక్కిపోయాడు.

రమాదేవి లోపలికి నడుస్తూనే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"దాణా ఎప్పుడొచ్చింది?"

"శనివారం సాయంత్రం నాలుగింటికి. తొమ్మిది మూటలు. చెనిక్కాయ చెక్క."

"ఎవురి మిల్లు?"

"హిందూపురం ఈశ్వరప్పది. మూడేండ్ల నుంచి ఆయన దగ్గరే."

"మొదట ఎప్పుడు పెట్టినావు?"

"ఆ సాయంత్రమే. మళ్లా ఆదివారం రెండు పూట్లా."

"ఎన్ని చచ్చినాయి?"

దస్తగిరి నడక ఆగింది. "ఎవురు చెప్పినారు?"

"ఆ గోడ కింద కొత్త మన్ను చెప్పింది. నా కాడ దాచాకు దస్తగిరన్నా. నువ్వు దాచిన ఒక్కోమాటకు నాకు ఒక్కో గంట పోతాది."

అతను తల వంచుకున్నాడు. "మూడు. ఒకటి ఆదివారం పొద్దుగుంకినాక, రెండు సోమవారం. నోట్లో నురగ. కాళ్లు వణికినాయి. ఎండదెబ్బ అనుకొని పూడ్చేసినా. మిగతావి కూడా మెత్తబడితే చెక్క మాన్పించి, ఉత్త చెనిక్కాయ కట్టె వేస్తాండా. ఇప్పుడు బాగుండాయి."

"డాక్టరును పిలవలేదా?"

"పిలుద్దామనుకొనే లోపల ఆ గొంతు బయటికొచ్చె. ఇంక ఎవుర్ని పిలిస్తే ఏం పుకారు లేస్తాదో అని భయమైపోయిందక్కా."

దాణా గది చిన్నది. కిటికీ లేదు. మూలలో మూటలు పేర్చి ఉన్నాయి. ఒకటి మూతి విప్పి ఉంది. రమాదేవి గడప దగ్గరే నిలబడి, నిమిషం పాటు దేన్నీ ముట్టకుండా చూసింది.

"ఈగలు యాడ?" అంది.

"ఏమి?"

"నెత్తురు కలిపిన దాణా అయితే ఈ గదిలో మనం నోరు తెరవలేనన్ని ఈగలుండాల. ఒక్కటీ లేదు."

మోకాళ్ల మీద కూర్చుని మూట కింద టార్చి వేసింది. మూట అంచు వెంబడి, గోడ వరకూ నల్లటి గీతలా చీమలు. కదలడం లేదు. అగ్గిపుల్లతో తోసింది. పొట్టులా పక్కకు జరిగాయి. అన్నీ చచ్చినవే.

విప్పిన మూటలోంచి నూనె పిండేసిన వేరుశనగ చెక్క గుప్పెడు తీసి కాగితం మీద పోసింది. ముక్కల మధ్య అక్కడక్కడా ఎర్రటి పొడి. చూసినవాళ్లు నెత్తురని నమ్మడంలో వింతేమీ లేదు. తన తెల్ల చేతిరుమాలు పరిచి, ఆ పొడిని చిటికెడు వేసి, సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు వదిలింది. రుమాలు మీద గులాబీ మరక పూవులా విచ్చుకుంది.

"ఎండిన నెత్తురు తడిస్తే తుప్పు రంగు వస్తాది. ఇది చూడు. పెండ్లిలో చల్లే రంగు మాదిరి ఉండాది."

ఇంకా వెతికితే నలగకుండా మిగిలిన ఒక వేరుశనగ గింజ దొరికింది. సగం బద్ద. దాని పొర మీద అదే గులాబీ రంగు గట్టిగా పట్టుకుని ఉంది. దస్తగిరి దాన్ని అరచేతిలో తిప్పి చూశాడు. వాళ్ల నాయన సేద్యగాడు. అతని మొహం పాలిపోయింది.

"అక్కా, ఇది విత్తనం బుడ్డ. భూమిలో పురుగు తినకుండా మందు పట్టించింది. ఎవురూ తినకూడదనే గదా ఈ రంగు కలిపేది!"

"పాతబడి మొలకెత్తని విత్తనం ఎవురో అగ్గువకు కొని గానుగలో వేసినారు," అంది రమాదేవి.

అప్పుడే గేటు బయట బండి చప్పుడైంది. వెనక్కి వస్తున్న బండి పాట మొదలైంది. మూడో స్వరం దగ్గర తెగింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్లీ అక్కడే తెగింది.

రమాదేవి కాగితాన్ని మడిచి, రుమాలుతో పాటు సంచిలో పెట్టి లేచింది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

*

దొడ్డిలోకి మినీ లారీ వచ్చింది. దాని వెనకే తెల్ల కారు. కారులోంచి దిగిన యువకుణ్ణి చూడగానే రమాదేవి నిట్టూర్చింది. ఆదిత్య. బెంగళూరు డిటెక్టివ్ ఏజెన్సీ మనిషి. నిరుడు ధర్మవరంలో పట్టు దొంగతనం కేసులో ఆమె దొంగను పట్టుకుంటే, పేపర్లలో ఫొటో మాత్రం అతనిది పడింది.

"నమస్తే మేడం. మీరు ఇంకా ఫీల్డులోనే ఉన్నారా?"

"నువ్వు ఇంకా వేరేవాళ్ల వెనకే వస్తాండావా?"

ఆదిత్య నవ్వేసి కాగితం చూపించాడు. "నా క్లయింటు ఈశ్వరప్ప గారు. ఆయన మిల్లు పేరు చెడగొడుతున్నారు. మూటలన్నీ ల్యాబ్ టెస్టుకు తీసుకుపోతున్నాను. ఎవరూ అడ్డు చెప్పడానికి లేదు."

"ల్యాబుకు ఒక గుప్పెడు చాలు. మూటలన్నీ ఎందుకు?"

"అది కంపెనీ నిర్ణయం."

"డబ్బిచ్చి కొన్నది దస్తగిరి. మూటలు ఆయనవి. ఇంతకీ ఆ వాయిస్ ఎవురిదో కనుక్కున్యావా?"

"దాదాపుగా. గోరంట్లలో ఇంకో పొట్టేళ్ల వ్యాపారి ఉన్నాడు. పోటీ. రెండు గంటల్లో అతని పేరు మీకే చెబుతాను."

"రెండు గంటలా!" రమాదేవి అతన్ని దాటి లారీ వైపు నడిచింది. "నాకు రెండు నిమిషాలు చాలు."

స్టీరింగు ముందు యాభై ఏళ్ల సన్నటి మనిషి కూర్చుని ఉన్నాడు. ఆమె దగ్గరికి రాగానే దిగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పేరేమప్పా?"

"చంద్రప్ప, తల్లీ. మిల్లు డ్రైవర్ని."

"నీ బండి పాట మూడో సురం కాడ తెగుతాంది. ఎన్నాళ్ల నుంచి?"

"ఆర్నెల్లాయ. వైరు పోయింది."

రమాదేవి ఫోను తీసి నొక్కింది. ఇరవై ఆరు సెకన్లు దొడ్డిలో ఆ గొంతు, పొట్టేళ్ల అరుపులు తప్ప వేరే చప్పుడు లేదు. చివర్లో పాట మొదలై, మూడో స్వరం దగ్గర తెగింది.

చంద్రప్ప చేతిలోంచి తలగుడ్డ జారిపోయింది.

ఆదిత్య ఒక్క అంగలో వచ్చి అతని కాలరు పట్టుకున్నాడు. "నువ్వా? పొద్దున్నించీ నా ముందే బండి తోలుకుంటూ... పద పోలీసు స్టేషనుకు!"

"చెయ్యి తియ్యి ఆదిత్యా." రమాదేవి గొంతు పెంచలేదు. "నువ్వు పట్టుకోవాల్సిన కాలరు ఇది కాదు." చంద్రప్ప వైపు తిరిగింది. "బోటీ వద్దన్యావు. పిల్లోళ్లకు పెట్టొద్దన్యావు. పంది నెత్తురు అని నువ్వు కూడా నమ్మలేదు. నీ ఇంట్లో ఏం చచ్చింది చంద్రప్పా?"

ఆ ప్రశ్నకు అతను కూలబడిపోయాడు.

"ఆవు, తల్లీ. నా ఆవు. శనివారం మూటలు దించినాక బండిలో రాలిన చెక్క ఊడ్చి దానికి పెట్టినా. ఆదివారం తెల్లారేసరికి కాళ్లు కొట్టుకుంటా పోయింది. నా చేత్తోనే పెట్టినా." కిందపడిన తలగుడ్డ అందుకుని మొహం తుడుచుకున్నాడు. "మిల్లుకాడ హమాలీలను అడిగితే తెలిసింది, మందు పట్టిన పాత విత్తనం ఆడించినారని. సోమవారం పోయి సేటును అడిగినా. నోరు తెరిస్తే విషం నువ్వే కలిపినావని కేసు పెట్టిస్తా అన్యాడు."

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?" దస్తగిరి కేక పెట్టాడు. "పంది నెత్తురని ఎందుకు చెప్పినావు?"

"నీకు చెప్తే నువ్వు సేటు కాడికి పోతావు, సేటు నా మీదికి తోస్తాడు. ఊరికి చెప్తే పండగ ముందర రేటు తగ్గించేదానికి ఆడే నాటకం అంటారు. విషమంటే పదిమందిలో ఆరుగురు నమ్ముతారు దస్తగిరన్నా. హరాం అంటే పదిమందీ నిలబడిపోతారు. ఒక్క బిడ్డా తినకూడదని అట్ల చెప్పినా. నీకేమైతాదో ఆలోచించలేదు. తప్పే."

దస్తగిరి అతని మీదికి రెండడుగులు వేసి ఆగాడు.

"నా పేరు మన్నులో కలిపినావు," అన్నాడు మెల్లగా. "నా పొట్టేలు తిని ఒక్క బిడ్డ పోయింటే, నేనే మన్నులో కలిసింటి. నిన్ను కొట్టాల్నో, నీ చేయి పట్టుకోవాల్నో తెలియకుండా ఉండాది."

ఆదిత్య కాలరు వదిలేశాడు. చేతిలోని కంపెనీ కాగితాన్ని ఇంకోసారి చదివాడు. మూటలన్నీ ఎందుకు వెనక్కి కావలసి వచ్చాయో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పదీ యాభైకి రమాదేవి పెనుకొండ పశువుల డాక్టరు సౌమ్యకు ఫోన్ చేసి లక్షణాలు చెప్పింది. సౌమ్య ఒకటే అంది. "ఎవరూ ఏదీ కొయ్యకుండా చూడండి. మందు ముఖ్యంగా బోటీలో, కార్జంలో నిలుస్తుంది. నేను బయల్దేరుతున్నా."

తర్వాత ముఫ్తీకి చేసి, స్పీకరు పెట్టింది.

"పంది నెత్తురు కాదు సాబ్. విషం. దాణా మిల్లులోనే కలిసింది. దస్తగిరికి తెలీదు."

"అయితే నాలుగు రోజుల లెక్క దీనికి పనికిరాదమ్మా. అది మురికికి. ప్రాణానికి హాని చేసేది తినమనే హక్కు ఎవరికీ లేదు. డాక్టరు సరే అనేదాకా ఆ పొట్టేళ్ల మీద కత్తి పెట్టకూడదు, పండగ దాటిపోయినా సరే. దస్తగిరి వింటాండాడా?"

"వింటాండా సాబ్."

"జుమ్మాలో నీ పేరు నేనే చెప్తా. నీ తప్పు లేదని చెప్తా. సాయంత్రం నీ దొడ్డికి వచ్చి నీ ఇంట్లో చాయ్ తాగి పోతా. అందరూ చూడనీ."

దస్తగిరి మొహం పక్కకు తిప్పుకున్నాడు. అతను తేరుకునే దాకా రమాదేవి ఆగలేదు. ఆమె చూపు మూటల మీదే ఉంది. ఆరు నిండుగా ఉన్నాయి. ఖాళీ సంచి ఒకటే పడి ఉంది. విప్పినది ఒకటి.

"తొమ్మిదన్యావు. ఇవి ఎనిమిది. ఇంకొకటి యాడ?"

"అది పొట్టేళ్లతో పాటు ఇచ్చి..." దస్తగిరి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "యా అల్లా!"

"ఏ పొట్టేళ్లు?"

"ఆదివారం పొద్దున పదకొండు పొట్టేళ్లు ధర్మవరం పోయినాయి. వెంకటరమణ అని, పట్టుచీరల మగ్గాలుండాయి. వాళ్లింట్లో చౌడమ్మకు పొట్టేళ్లు కోసి దేవర చేస్తాండారు. కోసేదాకా రోజూ గుప్పెడు చెక్క పెట్టు, బాగా కండ పడతాయని నేనే ఒక మూట ఇచ్చి పంపినా."

"దేవర ఎన్నడు?"

"ఈ పొద్దే. మధ్యాన్నం పన్నెండున్నరకు పంక్తి."

చంద్రప్ప లేచి నిలబడ్డాడు. అతని మాట హిందూపురంలో, పెనుకొండలో ప్రతి ముస్లిం ఇంటినీ కాపాడింది. ధర్మవరంలో ఆ ఇంటివాళ్లకు హరాం అన్న మాటతో పనే లేదు.

దస్తగిరి వెంకటరమణకు ఫోన్ చేశాడు. మోగి ఆగింది. మళ్లీ చేశాడు. రమాదేవి ధర్మవరం స్టేషనుకు చేసింది. డ్యూటీలో ఉన్న కానిస్టేబులు అంతా రాసుకుని, దేవర ఆపాలంటే సీఐ గారిని అడగాలన్నాడు. పదకొండూ ఐదు.

"స్కూటరు మీద అందుకోలేరు. నా కారులో రండి," అన్నాడు ఆదిత్య.

"నీ సేటుకు ఫోన్ చెయ్యవని ఏం నమ్మకం?"

ఆదిత్య తన ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. చంద్రప్ప అడక్కుండానే వెనక సీట్లో ఎక్కాడు.

*

పన్నెండూ పదిహేనుకు కారు ధర్మవరంలో ఆ వీధి మొదట్లో ఆగింది. డప్పుల మోత. మగ్గాలకు ఆ రోజు సెలవు. ఇంటి ముందు షామియానా కింద మొదటి పంక్తి అప్పుడే కూర్చుంది. అరవై ఆకులు. అన్నం పడింది. కూర బకెట్లు పట్టుకుని మగవాళ్లు ఆకుల వెంట నడుస్తున్నారు.

రమాదేవి నేరుగా వెళ్లి డప్పు వాయిస్తున్నవాడి చేతిలోని పుల్ల లాక్కుంది. మోత ఆగింది.

"ఎవురూ చెయ్యి పెట్టాకండి! ఆ మాంసంలో విషముండాది!"

ఒక్కసారిగా గొడవ లేచింది. నలభై అయిదేళ్ల వెంకటరమణ కండువా బిగించి ఎదురొచ్చాడు.

"ఎవురమ్మా నువ్వు? అమ్మవారికి పెట్టిన దాన్ని విషమంటావా? ఆ పంది నెత్తురు కథేనా? మేమూ విన్యాం. సాయిబులకు పనికిరాకపోతే మాకేమి?"

"అది అబద్ధం. ఇది నిజం." ఆమె రుమాలు విప్పి గులాబీ మరక చూపించింది. ఎవరూ పట్టించుకోలేదు. వెనకనుంచి ఎవరో ఆమెను బయటికి తోయమని అరిచారు. చంద్రప్ప చేతులు జోడించి తన ఆవు సంగతి చెబుతున్నాడు. ఆ గోలలో అది సగం మందికే వినబడింది.

రమాదేవి చూపు గుంజ పక్కన కూర్చున్న ముసలామె మీద ఆగింది. ఆమెను దాటేటప్పుడు అందరూ ఒంగి దాటుతున్నారు. ఇంటికి పెద్దది ఎవరో తెలుసుకోవడానికి అది చాలు.

"అవ్వా, ఒక్క ప్రశ్న. ఈ పొద్దు కోసే ముందర ఆ పొట్టేళ్లు ఎట్లుండె?"

ఆ ముసలామె, చౌడక్క, కళ్లు చికిలించింది. "ఎట్లుండేదేమి? నీళ్లు చల్లకముందే ఒళ్లు విదిల్చినాయి. అమ్మ ఒప్పుకునిందని సంబరపడితిమి."

"అన్నీ అట్లే విదిల్చినాయా?"

"అన్నీ అట్లే." చౌడక్క గొంతు నెమ్మదించింది. "రెండు నిలబడలేకపోయినాయి. మోసుకొస్తిమి."

"నోట్లో నురగ ఉండెనా?"

ముసలామె ఎనభై ఏళ్ల ఒంటిని చేతికర్ర మీద లేపి నిలబెట్టింది. "వెంకటరమణా, బకెట్లు దించు. పొయ్యి మీద గంగాళాలకు మూతలు పెట్టించు."

"అవ్వా, నైవేద్యం..."

"చౌడమ్మ బిడ్డల్ని చంపుకొని తినే తల్లి కాదురా. దించు."

బకెట్లు దిగాయి. పంక్తిలోవాళ్లు ఒక్కొక్కరే ఆకుల ముందు నుంచి చేతులు వెనక్కి తీసుకున్నారు. ఒక్కరూ మెతుకు నోట పెట్టలేదు. రమాదేవి ఆకుల వరస వెంట నడుస్తూ లెక్క చూసుకుంది. ప్రతి ఆకులోనూ అన్నం, పక్కన కూర. చివర రెండు ఆకుల దగ్గర ఆమె ఆగింది. వాటిలో పెరుగన్నం ఉంది.

పంక్తి ఇప్పుడే కూర్చుంది. పెరుగు వంతు ఇంకా రాలేదు.

ఒక ఆకు ముందు నిండు గర్భిణి. రెండోదాని ముందు పట్టు పంచెలో అరవై ఏళ్ల మనిషి. ఆదిత్య ఆమె భుజం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మేడం, ఆయనే నా క్లయింటు. ఈశ్వరప్ప."

"మా వియ్యంకుడు," అన్నాడు వెంకటరమణ అయోమయంగా. "ఆ పాప మా కోడలు ప్రీతి. ఆయన కూతురు."

"ఏమప్పా, కూర వద్దన్యావా?" అడిగింది రమాదేవి.

ఈశ్వరప్ప తొణకలేదు. "శుక్రవారం నేను నీసు ముట్టను."

"పోయినేడు దేవర కూడా శుక్రవారమే గదప్పా," అంది చౌడక్క. "బోటీ రెండు తూర్లు అడిగి పెట్టించుకుంటివి."

"ఈ ఏడు మొక్కుకున్యా."

"నాకు కూడా నువ్వే మొక్కుకున్యావా నాయనా?"

అన్నది ప్రీతి. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె పెరుగన్నం వైపు చూస్తూ, ఒక్కో మాటా తనకు తానే వింటున్నట్టు పలికింది.

"పొద్దున ఆరింటికి ఫోన్ చేసి, కూర ముట్టొద్దంటివి. ఎందుకంటే, కడుపుతో ఉన్నోళ్లకు వేడి అంటివి. ఈయనకు చెప్పొద్దంటివి. అత్తకు చెప్పొద్దంటివి." ఆమె తలెత్తింది. "ఇంతమంది తింటాంటే నా పక్కన కూర్చొని చూస్తాంటివా?"

"నీకోసమే గదమ్మా..."

ప్రీతి ఆకును ముందుకు తోసి, గుంజ పట్టుకుని లేచింది. వెంకటరమణ ఈశ్వరప్ప మీదికి దూకబోతే ఆదిత్య అడ్డంపడి రెండు చేతులతో ఆపాడు. అదే ఊపులో తన క్లయింటుతో అన్నాడు. "మీ కేసు వదిలేస్తున్నాను సార్. మీరు ఇచ్చిన కాగితం మాత్రం నా దగ్గరే ఉంటుంది."

వీధి చివర పోలీసు జీపు కనిపించింది. రమాదేవి ఆ వైపు చూడలేదు. ఈశ్వరప్ప ముందు కూర్చుని, అతని కళ్లలోకి చూసింది. జనం దెబ్బలకు భయపడే మనిషి కళ్లు కావవి. ఇంకా ఏదో లెక్క వేస్తున్నాయి. ఎందుకో ఆమెకు తట్టింది. గానుగ కట్టి, పాత విత్తనం కొని, తొమ్మిది మూటలకోసం ఎవడూ అంత తెగించడు.

"ఇంకా యాడికి పంపినావు?"

అతను జీపు వైపు ఓరగా చూశాడు.

"నాయనా," అంది ప్రీతి. "చెప్పు. నా బిడ్డ మీద ఒట్టు."

ఈశ్వరప్ప మొదటిసారి కూతురి మొహం వైపు చూడలేకపోయాడు.

"తనకల్లు," అన్నాడు. "ముప్పై మూటలు. నిన్న రాత్రి బాడుగ బండిలో పోయినాయి."

"ఎవురికి? పొట్టేళ్లకా?"

"కాదు. పాలావులకు. ఊర్లోకి పాలు పోసే వాళ్లకు."

"అవ్వా, సాయంత్రం పాలు ఎన్నింటికి పిండుతారు?"

"నాలుగున్నరకు," అంది చౌడక్క. "పిల్లోళ్లకు పట్టేది ఆ పాలే."

పన్నెండూ నలభై. తనకల్లుకు కదిరి మీదుగా రెండు గంటలకు పైగా దారి. రమాదేవి లేచేసరికి ఆదిత్య కారు తలుపు తెరిచి పట్టుకుని ఉన్నాడు. వెనక సీట్లో చంద్రప్ప అప్పటికే ఎక్కి, తన ఫోను పట్టుకుని గొంతు సవరించుకుంటున్నాడు.

"ఈ సారి ఏం చెప్పమంటావు తల్లీ?"

"నిజం," అంది రమాదేవి. "నీ పేరు చెప్పి మొదలుపెట్టు."